పచ్చి చింతచెక్క వాసన

చాలా ఏళ్ల తర్వాత ఈసారి దసరాకు విజయనగరం వెళ్లాను. పండుగకు కొన్ని రోజుల ముందే చేరుకున్నందువల్ల హుకుంపేటలో సిరిమానును, అంటే జాతరలో ఊరేగించే పొడవాటి మానును, చెక్కుతున్న చోటికి వెళ్లి కాసేపు నిలబడే వీలు చిక్కింది. ఊరి దేవత పైడితల్లమ్మ తన పూజారి కలలో కనిపించి చెట్టు ఎక్కడుందో చెబుతుందని, ఆ చింతచెట్టునే కొట్టి తెచ్చి మానుగా చెక్కుతారని మా వైపు పుట్టినవారందరికీ తెలిసిందే. వడ్రంగుల బాడితల దెబ్బకు పేళ్లు లేచి పడుతున్నాయి. కాస్త పులుపు, కాస్త వగరు కలిసిన పచ్చి చింతచెక్క వాసన ఆ వీధంతా నిండి ఉంది. ఒక పేడును చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మమ్మ వేలు పట్టుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా ఇదే వాసన మధ్య నిలబడ్డ రోజులు ఒక్కసారిగా ముందుకొచ్చాయి.

ఆ సాయంత్రం మా మేనకోడలి ఇంట్లో భోజనాల దగ్గర ఒక మాట వచ్చింది. ఆమె కొడుకు డిగ్రీలో చరిత్ర తీసుకుంటానంటున్నాడు. తండ్రికి అది ఇష్టం లేదు. "చరిత్ర చదివి ఏం చేస్తాడు మావయ్య గారూ? జరిగిపోయిందేదో జరిగిపోయింది, దాన్ని తవ్వుకుంటే కడుపు నిండుతుందా?" అని నన్నే అడిగారు. ఆ తండ్రి బెంగలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఆ పూట ఆయనకు సరైన జవాబు చెప్పలేకపోయాను. రాత్రి మేడమీద పడుకుని చాలాసేపు ఆలోచించాను. అప్పుడు గుర్తుకొచ్చినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

*

మా అమ్మ పుట్టిల్లు విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గర్లో ఒక సందులో ఉండేది. మా నాన్నగారిది బొబ్బిలికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె. నా చిన్నతనంలో బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. జిల్లాలు వేరన్న సంగతి మా పిల్లలకు పట్టేది కాదు గాని, ఆ రెండు ఊళ్ల నడుమ ఏదో ఉందన్న సంగతి మాత్రం బాగానే తెలిసేది. వేసవి సెలవుల్లో నాయనమ్మ దగ్గర విన్న కథ, దసరా సెలవుల్లో అమ్మమ్మ దగ్గర విన్న కథ ఒకదానికొకటి పొసిగేవి కావు.

పల్లెలో కోతలు అయిపోయాక కళ్లంలో పెట్రోమాక్స్ లైటు పెట్టి బొబ్బిలి కథ చెప్పించేవారు. లైటుకు గాలి కొడుతున్నప్పటి చప్పుడు, అది ఒక్కసారిగా తెల్లగా వెలిగాక వచ్చే సన్నని హోరు, దాని చుట్టూ మూగే పురుగులు, కథకుడి కాలి గజ్జెలు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి. మట్టికోట గోడలు ఫిరంగులకు ఎదురు నిలిచిన ఘట్టం రాగానే ఆడవాళ్ల చేతులు కొంగుల్లోకి పోయేవి. కోట పడిపోతుందని తెలిసిన వేళ లోపల ఆడవాళ్లకూ పసిపిల్లలకూ ఏమైందో చెప్పేటప్పుడు కథకుడు గొంతు బాగా తగ్గించేవాడు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాజాం నుంచి వచ్చి, విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో దూరి అతణ్ని చంపి, తానూ చనిపోయే ఘట్టానికి వచ్చేసరికి జనమంతా లేచి నిలబడేవారు. నాయనమ్మ మాత్రం కూర్చున్నచోటనే కూర్చుని, "పరాయోడిని మన మీదికి తోలుకొచ్చినోడిని వొగ్గేస్తాడేటి?" అనేది.

అమ్మమ్మ చెప్పే కథలో పాపారాయుడి పేరు దాదాపుగా వినిపించేదే కాదు. అందులో ఉండేది పైడిమాంబ. అన్న విజయరామరాజును యుద్ధానికి వెళ్లవద్దని బతిమాలిన చెల్లెలు. అన్నకు చావు రాసిపెట్టి ఉందని తెలిసి హెచ్చరించాలని బయలుదేరి, దారిలోనే ఆ కబురు విని కుప్పకూలిపోయిన ఆడపిల్ల. ఆ తర్వాత పెద్దచెరువులో విగ్రహమై దొరికి ఊరికి దేవత పైడితల్లమ్మ అయిన తల్లి. సిరిమాను ముందు బెస్తవారి వల ఎందుకు నడుస్తుందో అమ్మమ్మ చెప్పింది గాని, ఆ అన్న ఎవరి మీదికి యుద్ధానికి వెళ్లాడో, ఎవరిని వెంటబెట్టుకుని వెళ్లాడో ఎప్పుడూ చెప్పలేదు. ఒకే రోజుల్లో జరిగిన సంగతులు రెండు ఇళ్లలో రెండు దుఃఖాలుగా బతికాయి. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పక్షాన ఏడ్చేవాణ్ని. ఒక ఏడాది అమ్మమ్మతో పాపారాయుడు గొప్పవాడని అన్నందుకు ఆమె నా వైపు చాలాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ మౌనం నన్ను చాలా రోజులు వేధించింది.

*

హైస్కూల్లో మాకు సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టారు పుస్తకం తెరవకుండా పాఠం మొదలుపెట్టేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు రంగుల సుద్దముక్కలు ఉండేవి. ఒకరోజు ఆయన, మీ ఇళ్లలో బొబ్బిలి యుద్ధం గురించి ఏం చెబుతారో ఒక్కొక్కరే చెప్పమన్నారు. తరగతిలో సగం మందివి నాయనమ్మ కథలు, సగం మందివి అమ్మమ్మ కథలు. గొడవ మొదలైంది, ఒకరిద్దరు బల్లలు కూడా ఎక్కారు. ఆయన మమ్మల్ని కసరలేదు. అందరూ చెప్పడం అయ్యాక నల్లబల్ల మీద నిలువుగా కొన్ని అంకెలు వేశారు.

1753. నిజాం ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి చేతిలో పెట్టిన ఏడు.

1757, జనవరి 24. బొబ్బిలి. విజయనగరం రాజుకు అండగా ఫ్రెంచి సేనాని బుస్సీ.

1757, జూన్ 23. ప్లాసీ.

1758, డిసెంబరు. చందుర్తి. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఈసారి ఇంగ్లీషువారిని పిలిచాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు, ఫ్రెంచివారు ఓడిపోయారు.

1794, జూలై 10. పద్మనాభం. పేష్కషు (కప్పం) బకాయిల పేరుతో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) సేన వచ్చి అదే వంశానికి చెందిన చిన విజయరామరాజును, ఆయన వెంట ఉన్న ఎందరో సర్దారులను చంపింది.

అంకెలు వేసి ఆయన కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ప్లాసీ మాకు తెలుసు, అది పాఠంలో ఉంది. బొబ్బిలి మాకు తెలుసు, అది ఇంట్లో ఉంది. రెండూ ఒకే ఏడు, ఐదు నెలల ఎడంలో జరిగాయని మాలో ఒక్కరికీ తెలియదు. ఏటి నీళ్ల దగ్గర, పొలిమేరల దగ్గర ఇరుగుపొరుగు సంస్థానాలు పడ్డ తగాదాలోకి ఒకసారి ఫ్రెంచివాడు వచ్చాడు, ఇంకోసారి ఇంగ్లీషువాడు వచ్చాడు. ముప్పై ఏడేళ్లు తిరిగేసరికి, గెలిచిన ఇంటివారు కూడా పద్మనాభం దగ్గర నేలకొరిగారు. ఆ బల్లను చూస్తూ ఉండగా, అంతవరకు కళ్లంలోనూ పూజ గదిలోనూ ఉన్న మా కథ ఒక్కసారిగా కలకత్తా, మచిలీపట్నం, హైదరాబాదు మీదుగా సముద్రాలు దాటినట్టు అనిపించింది. అప్పటిదాకా మాస్టారి పీరియడ్ అంటే నాకు మధ్యాహ్నం భోజనానికి ముందు వచ్చే నిద్ర మాత్రమే.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటను నేను నోటు పుస్తకం చివరి అట్ట మీద రాసుకున్నాను. ఏ కథ విన్నా, ఏ కాగితం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోమన్నారు: ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏ అవసరం కొద్దీ చెబుతున్నారు. బొబ్బిలి యుద్ధం గురించి రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు వివరంగా రాశాడని, అయితే ఆయన కుంఫిణీ కొలువులో ఉన్న మనిషి కాబట్టి ఆ రాతను కూడా ఇవే మూడు ప్రశ్నలతో చదవాలని చెప్పారు. "మరి మా నాయనమ్మ అబద్ధం చెప్పిందా మాస్టారూ?" అని అడిగాను. "లేదురా. మీ నాయనమ్మ తన ఇంటి వాకిట్లోంచి ఏం కనబడితే అది చెప్పింది. నువ్వు రెండిళ్ల మనవడివి, రెండు వాకిళ్లలోంచీ చూడాలి" అన్నారు.

సిరిమాను ముందు నడిచే వల కూడా ఒక పత్రమేనని ఆయనే అన్నారు. రాతలేని జనం తమకు జరిగినదాన్ని ఏటేటా వీధిలో నడిపించుకుంటూ దాచుకుంటారని చెప్పారు. ఆ ఏడాది జాతరలో నేను మానును కాక, ముందు నడిచిన వలను చూస్తూ నిలబడ్డాను.

*

మాస్టారు మమ్మల్ని ఒకసారి శ్రీముఖలింగం తీసుకువెళ్లారు. తెల్లవారుజామున బయలుదేరాం. బస్సులో చింతపండు పులిహోర అడ్డాకు పొట్లాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, కిటికీలోంచి వంశధార ఇసుక తెల్లగా కనిపిస్తోంది. మధుకేశ్వరాలయం శిల్పాలు చూసి అందరం ఆశ్చర్యపోయాం. శాసనాలు మాత్రం మాకు కనిపించలేదు. అది మిట్టమధ్యాహ్నం. స్తంభాల మీద ఎండ నిటారుగా పడుతోంది. ఎన్నోసార్లు సున్నం పూసి గీకిన రాయి మీద గరుకు తప్ప ఏమీ తెలియలేదు.

మాస్టారు సంచిలోంచి గడ్డం గీసుకునే చిన్న అద్దం తీశారు. ఒక కుర్రవాణ్ని వాకిట్లో నిలబెట్టి, ఎండను అద్దంలో పట్టి స్తంభం మీదికి పక్కవాటుగా, ఏటవాలుగా కొట్టించారు. వెలుగు రాతిని రాసుకుంటూ పోయింది. అంతవరకు ఏమీ లేని చోట, ప్రతి గాటు అంచునా సన్నని నీడ పడి, వరస తర్వాత వరసగా అక్షరాలు పైకి లేచాయి. గుండ్రటి అక్షరాలు, మావి కాని మా అక్షరాలు. కుర్రవాడి చెయ్యి వణికినప్పుడల్లా అవి మాయమై మళ్లీ పుట్టేవి. మాస్టారు వేలు ఆనించకుండా, గాలిలోనే ఒక్కొక్క అక్షరం వెంట నడుపుతూ తడుముకుంటూ చదివారు. ఎవరో దేవుడికి దీపం పెట్టించారట. చంద్రసూర్యులు ఉన్నంతకాలం అది వెలగాలట. ఆ గుడిలో అలా దీపాలిచ్చినవారిలో రాజకుటుంబాలవారే కాక ఉద్యోగులు, స్త్రీలు కూడా ఉన్నారని చెప్పారు. దీపం ఎప్పుడు ఆరిపోయిందో ఎవరికీ తెలియదు. పెట్టించినవారి కోరిక మాత్రం ఆ అద్దపు వెలుగులో మా ముందు నిలిచింది.

ఆ పల్లెటూరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని, పూరీ జగన్నాథుడి ఆలయం కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశం ఇక్కడి నుంచే ఏలిందని అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఈ రాళ్ల నుంచి రాబట్టినవారిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ముఖ్యులు. 1863లో ఈ ఊరి పక్కనే ఉన్న పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, శాసనాల లిపిని సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్న మనిషి. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని లోకం దృష్టికి తెచ్చింది కూడా ఆయనేనని చాలామందికి తెలియదు. మా విజయనగరంలో గురజాడ అప్పారావు గారు సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. మన భాషను మార్చిన ఆ ఇద్దరూ పాత రాళ్ల ముందు గంటల తరబడి కూర్చున్నవారే. ఇది కాకతాళీయమని నేను అనుకోను. ఒకప్పుడు మన పూర్వులు ఎలా మాట్లాడారో, ఎలా రాశారో రాతి మీద కళ్లారా చూసినవారికి, భాష ఎప్పుడూ ఒక్కలాగే ఉందని ఎవరు చెప్పినా నమ్మబుద్ధి కాదు.

*

ఉద్యోగం రెవెన్యూలో వచ్చింది. మొదటి కొన్నేళ్లు రికార్డు గదిలోనే గడిచాయి. ఎర్రగుడ్డ కట్టలు, వాటి మీద పేరుకున్న దుమ్ము, చెదలు రాకుండా చల్లిన మందు ఘాటు, సీలింగు ఫ్యానుకు అంచులు రెపరెపలాడే పాత అడంగళ్లు. చరిత్ర చదివితే కడుపు నిండదని నమ్మిన ఇంట్లో పుట్టిన నేను, నెలజీతం తీసుకుని చదివింది చరిత్రనే.

ఒక గెడ్డ (వాగు) నీళ్ల దగ్గర రెండు పల్లెలకు తగాదా వచ్చింది. పై ఊరివారు కాగితం తెచ్చారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో, అంతకుముందటి జమీందారీ లెక్కల్లో కింది ఊరి వాటా గురించి ఒక్క ముక్క లేదు. కింది ఊరివారు ఒక ముసలాయన్ని తెచ్చారు. "రికార్డులో లేదంటే లేనట్టే" అన్నారు మా పైఅధికారి. నాకు నా నోటు పుస్తకం చివరి అట్ట గుర్తుకొచ్చింది. ఆ లెక్కలు ఎవరు రాశారు? జమీందారు కరణాలు. ఎవరికి? దివాణానికి. ఏ అవసరం కొద్దీ? శిస్తు వసూలు కోసం. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం (శాశ్వత పైసలా) వచ్చాక జమీందారు కుంఫిణీకి కట్టవలసిన మొత్తం ఖాయమైంది, రైతు దగ్గర రాబట్టగలిగినదంతా లెక్కలోకి ఎక్కింది. శిస్తు రాని సంగతి అందులోకి ఎక్కలేదు. పాలేర్లు లేరు, ఆడవాళ్లు లేరు, నోటి మాట మీద నడిచిన నీటి వాడుకలు లేవు.

భయపడుతూనే అధికారికి ఆ మాట చెప్పాను. స్థలం చూసి రమ్మన్నారు. ముసలాయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు. గట్టు మీద ఒక తాటిచెట్టు దగ్గర ఆగి, "ఈడ ఉండేది బాబూ పాత మదుం. మా తాత మూసేటప్పుడు నాను సూసినాను" అన్నాడు. ఇద్దరు కూలీలు పార తీసుకుని మొల లోతు తవ్వేసరికి రాళ్లు వరసగా పేర్చిన తూము నోరు బయటపడింది. అందులో గట్టిపడిన బురదలో నత్తగుల్లలు ఇంకా తెల్లగా ఉన్నాయి. ముసలాయన వంగి ఒక గుల్లను తీసి పంచె చెంగున కట్టుకున్నాడు. ఆ రోజు ఆయన వాంగ్మూలం నా చేత్తోనే రాశాను, ఆయన వేలిముద్ర నేనే వేయించాను. తగాదా తెమలడానికి ఇంకా చాలా కాలం పట్టింది గాని, ఆ గెడ్డ పేరున ఉన్న ఫైలులో కింది ఊరి గొంతు కూడా ఉంది.

తర్వాత మందస వైపు బదిలీ అయ్యింది. అక్కడే గుడారి రాజమణిపురంలో గున్నమ్మ కథ మొదటిసారి విన్నాను. మందస జమీందారుకు, అడవి కట్టెల కోసం నిలబడ్డ రైతులకు మధ్య పోరులో, 1940 ఏప్రిల్ 1న పోలీసులు తమవారిని పట్టుకుపోతుంటే ఆడవాళ్లతో కలిసి అడ్డం నిలిచి, తూటాకు ఒరిగిపోయిన గర్భిణి, వీర గున్నమ్మ. మా బడి పుస్తకాల్లో ఆ పేరు నేను చూడలేదు. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం నిన్న జరిగినట్టు, వేలు పెట్టి ఫలానా చోట అని చూపించారు. మాస్టారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబుగా ఒక కార్డు పంపారు. "విన్నది విన్నట్టే, చెప్పినవారి మాటల్లోనే రాసిపెట్టు. సవరించకు" అని రెండు ముక్కలే ఉన్నాయి అందులో. ఆయన పోయి చాలా కాలమైంది, కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

*

2022లో జిల్లాలు మళ్లీ మారాయి. బొబ్బిలి ఎప్పుడో విజయనగరం జిల్లాలోకి వచ్చింది, ఈసారి పాపారాయుడి రాజాం కూడా వచ్చి చేరింది. ఆ వార్త చదివిన రోజున నాయనమ్మ గుర్తుకొచ్చింది.

నాయనమ్మ ఎన్ని ఏళ్లు పిలిచినా సిరిమానోత్సవానికి వచ్చేది కాదు. "మన రాజుని సంపించినోల్ల ఊరి పండక్కి నానెందుకొస్తాను?" అనేది. నేను హైస్కూలు చదువు ముగించే ఏడాది, వేసవిలో ఆమె అన్నగారు పోయారు. ఆమెను పెంచినవాడు ఆ అన్నే. ఆ దసరాకు ఎవరూ పిలవకుండానే, చిన్న మూట పట్టుకుని బస్సు దిగి, అమ్మమ్మ ఇంటి గుమ్మంలో నిలబడింది. అమ్మమ్మ ఎందుకొచ్చావని అడగలేదు, కాళ్లకు నీళ్లిచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ కోట వైపు వెళ్లే వీధిలో ఒక అరుగు మీద పక్కపక్కనే నిలబడ్డారు. నేను వారి వెనక ఉన్నాను. ముందు వల వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది. తర్వాత జనం ఒక్క పెట్టున అరుస్తుండగా సిరిమాను వచ్చింది. దాని కొసన, ఆకాశంలో కుర్చీలో పూజారి ఊగుతూ ఉన్నాడు. చుట్టూ ఉన్నవారంతా అరటిపళ్లు విసురుతున్నారు. అమ్మమ్మ తన బుట్టలోంచి ఒక పండు తీసి, ఏమీ అనకుండా నాయనమ్మ చేతిలో పెట్టింది. నాయనమ్మ దాన్ని చాలాసేపు పట్టుకునే ఉంది. మాను మా ఎదురుగా వచ్చేసరికి ఉన్న బలమంతా పెట్టి విసిరింది. పండు మానుదాకా పోకుండా జనంలో ఎక్కడో పడింది.

"అన్న పోయిన ఆడకూతురు గదా" అంది నాయనమ్మ, ఎవరితోనో కాదు, తనలో తనే. కొంగుతో ముఖం తుడుచుకుని, అమ్మమ్మ వైపు తిరిగి చెయ్యి చాచింది.

"ఇంకో పండుందా వదినా?"